మంచి బాలుడి కథ ఎందుకు గుర్తుండదు?

(సండే స్కూలు పిల్లల తల్లుల కోసం చేసిన ప్రసంగం)



మీలో చాలామందికి అక్షరాలు కొత్త. కథలు మాత్రం కొత్త కాదు. నాట్లు వేస్తూ, కలుపు తీస్తూ, పిల్లలకు అన్నం తినిపిస్తూ మీరు చెప్పిన కథలకు లెక్క లేదు. అందుకే ఇవాళ కథ ఎలా చెప్పాలో ఎవరూ మీకు నేర్పనక్కర్లేదు. ఇవాళ మాట వేరు. పిల్లల చేత కథ అల్లించటం ఎలా? ఆ కథలోని మనిషి నిజం మనిషిలా కనపడాలంటే పిల్లలకు ఏం నేర్పాలి? ఆ ఒక్క సంగతి మాట్లాడుకుందాం.

కూలికి పోయేవాళ్ళకు ఇదంతా ఎందుకు అని కొందరికి అనిపించవచ్చు. చివరిదాకా వినండి. ఇందులో కథ ఒక్కటే లేదు. పిల్లల బతుకు కూడా ఉంది.

ఇద్దరు బాలురు

సండే స్కూల్లో ఒక కథ చెప్పమంటే పిల్లలు ఎక్కువగా ఇలా చెప్తారు.

“అనగనగా ఒక మంచి బాలుడు. రోజూ ప్రార్థన చేసేవాడు. అమ్మ మాట వినేవాడు. అబద్ధం ఆడేవాడు కాదు. దేవుడు దీవించాడు. కథ అయిపోయింది.”

లేదంటే ఇలా చెప్తారు.

“అనగనగా ఒక చెడ్డ బాలుడు. దొంగతనం చేసేవాడు. గుడికి పోయేవాడు కాదు. ఒకరోజు పాము కరిచింది. చచ్చిపోయాడు. కథ అయిపోయింది.”

ఈ కథలు మర్నాటికి ఎవరికీ గుర్తుండవు. ఎందుకు? అలాంటి బాలుణ్ణి ఎవరూ చూడలేదు కనుక. ఏ ఇంట్లోనూ పొద్దున లేచింది మొదలు రాత్రి దాకా మంచే చేసే పిల్లవాడు లేడు. పొద్దున లేచింది మొదలు రాత్రి దాకా చెడే చేసే పిల్లవాడూ లేడు. చెల్లెలి జడ పట్టి లాగిన పిల్లవాడే, ఆ చెల్లెలు పడిపోతే పరిగెత్తుకుని వెళ్ళి లేపుతాడు.

గుర్తుండకపోతే పోయింది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. ఆ కథ వింటున్న పిల్లల్లో ఒకడు నిన్న అమ్మ కొంగుముడిలోంచి రెండు రూపాయలు తీసి ఉంటాడు. ఎవరికీ చెప్పి ఉండడు. చెడ్డ బాలుడి కథ వింటాడు. “అయితే చెడ్డవాణ్ణి నేనే. పాము నన్నే కరుస్తుంది” అనుకుంటాడు. ఇక నోరు విప్పడు. తప్పును ఇంకా లోపలికి దాచుకుంటాడు. ఆ కథలో తప్పు చేసినవాడు ఇంటికి తిరిగి వచ్చే దారి లేదు. దారి లేని కథ పిల్లవాడికి భయం నేర్పుతుంది. బుద్ధి నేర్పదు.

యేసు చెప్పిన మనుషులు

యేసు ప్రభువు జనానికి ఉపమానాలు చెప్పాడు. ఉపమానం అంటే చిన్న కథే. ఆ కథల్లో మనుషులు ఎలా ఉన్నారో చూడండి.

లూకా సువార్త 15వ అధ్యాయంలో తప్పిపోయిన కుమారుడి కథ ఉంది. ఒక తండ్రికి ఇద్దరు కొడుకులు. చిన్నవాడు తండ్రి బతికి ఉండగానే తన వాటా పంచి ఇమ్మన్నాడు. తీసుకుని దూరదేశం పోయాడు. అంతా తగలేశాడు. అంతలో అక్కడ కరువు వచ్చింది. పందులు మేపే పనిలో కుదిరాడు. పందులు తినే పొట్టుతోనైనా కడుపు నింపుకుందామని ఆశపడ్డాడు. అప్పుడు ఇల్లు గుర్తుకొచ్చింది.

వాడు ఎందుకు తిరిగొచ్చాడు? ఆకలేసి వచ్చాడు. తండ్రి ఇంట్లో కూలివాళ్ళకు కూడా కడుపు నిండా తిండి దొరుకుతుందని తలుచుకుని వచ్చాడు. తండ్రితో ఏం చెప్పాలో ముందే కూర్చుకుని వచ్చాడు. తప్పు చేసి ఇంటికి వచ్చే పిల్లవాడు ఎవరైనా అదే చేస్తాడు కదా! గుమ్మం దాకా వచ్చేలోపు నాలుగుసార్లు లోపల చెప్పుకుంటాడు. అందుకే ఆ చిన్నకొడుకు నిజం మనిషి.

పెద్దకొడుకు సంగతి చూడండి. ఇల్లు వదల్లేదు. పొలం వదల్లేదు. తండ్రి మాట దాటలేదు. పిల్లలు చెప్పే మంచి బాలుడు వాడే. కానీ తమ్ముడి కోసం విందు చేస్తున్నారని తెలియగానే అలిగాడు. ఇంట్లోకి రానన్నాడు. ఇన్నేళ్ళు చాకిరీ చేసిన తనకు ఒక్క మేకపిల్లనైనా ఇవ్వలేదని తండ్రిని నిలదీశాడు. మంచివాడి కడుపులోనూ కుళ్ళు ఉంటుందని ఆ మేకపిల్ల చెప్తుంది.

చివరికి ఆ పెద్దకొడుకు లోపలికి వెళ్ళాడా, లేదా? ఆ సంగతి కథలో లేదు. తండ్రి బయటికి వచ్చి బతిమాలటంతో కథ ఆగిపోతుంది. మీ పిల్లల్ని అడిగి చూడండి. “వెళ్ళాడంటావా? వెళ్తే తమ్ముడితో మొదటి మాట ఏమన్నాడంటావా?” అని. పిల్లలు ఆలోచనలో పడతారు. కథ అల్లటం అక్కడే మొదలవుతుంది.

పేతురును చూడండి. చేపలు పట్టేవాడు. దూకుడు మనిషి. అందరూ విడిచిపెట్టినా తను మాత్రం ప్రభువును విడవనన్నాడు. ఆ రాత్రే ఒక పనిపిల్ల వేలు చూపించి అడిగితే, ఆయనెవరో తనకు తెలియదన్నాడు. మూడుసార్లు అలాగే అన్నాడు. కోడి కూసింది. బయటికి వెళ్ళి ఏడ్చాడు. సంఘానికి పెద్దదిక్కు అయినవాడు పేతురు. అయినా ఆయన పిరికితనాన్ని దాచలేదు. నాలుగు సువార్తల్లోనూ రాసి పెట్టారు. దాచి ఉంటే పేతురు గుడి గోడ మీద బొమ్మలా ఉండేవాడు. దాచలేదు కనుక పక్కింటి మనిషిలా ఉన్నాడు.

మనిషిని దేవుడు తన పోలికలో చేశాడని క్రైస్తవుల నమ్మకం. మనుషులందరూ తప్పిపోయినవాళ్ళే అని కూడా నమ్మకం. ఈ రెండూ కలిపి చూస్తే కథ అల్లే పద్ధతి దొరుకుతుంది. కథలో ఎంత చెడ్డవాడికైనా ఒక మంచి ఉండాలి. ఎంత మంచివాడికైనా ఒక లోటు ఉండాలి.

ఏసుపాదం అనే పిల్లవాడు

ఇప్పుడు ఒక పిల్లవాణ్ణి తయారు చేద్దాం. వాడు ఎక్కడా లేడు. ఈ కథ కోసమే పుడతాడు. తల్లి ప్రశ్న అడగాలి. పిల్లలు జవాబు చెప్పాలి. ప్రశ్నలు అయిదే.

మొదటి ప్రశ్న: ఎవడు వాడు?

పేరు కావాలి. ఏసుపాదం అని పెడదాం. వయసు పదేళ్ళు. నాయన బేల్దారి పనికి పోతాడు. అమ్మ మిరపకాయల కోతకు పోతుంది. చెల్లెలు ఉంది. ఇక్కడ ఆగకూడదు. వాడిని వందమంది పిల్లల్లో నిలబెడితే గుర్తుపట్టటానికి ఒక ఆనవాలు కావాలి. “వాడి చొక్కాకు పైగుండీ లేదు. అక్కడ పిన్నీసు పెట్టుకుంటాడు.” అంతే. ఏసుపాదం కళ్ళకు కనపడ్డాడు.

రెండో ప్రశ్న: వాడికి ఏం కావాలి?

ప్రతి మనిషికీ ఏదో ఒకటి కావాలి. ఏమీ అక్కర్లేని మనిషి కథలో కదలడు. ఏసుపాదానికి పీచుమిఠాయి కావాలి. ఆదివారం గుడి బయట సైకిలు మీద పీచుమిఠాయి అమ్మేవాడు వస్తాడు. గంట కొడతాడు. ఆ గంట వినపడితే ఏసుపాదానికి ప్రార్థన చెవికెక్కదు.

మూడో ప్రశ్న: వాడికి దేనికి భయం?

నాయన కోపానికి భయం. చీకట్లో దొడ్లోకి వెళ్ళటానికి భయం. భయం తెలిస్తే మనిషి లోపల ఏముందో తెలుస్తుంది.

నాలుగో ప్రశ్న: వాడిలో మంచి ఏది? లోటు ఏది?

వాడు ఏది తిన్నా చెల్లెలికి సగం పెడతాడు. అది మంచి. అడిగిన వెంటనే నోటికి అబద్ధం వస్తుంది. అది లోటు. రెండూ ఒక్కడిలోనే ఉన్నాయి.

అయిదో ప్రశ్న: ఇరుకులో పడితే ఏం చేస్తాడు?

ఇక్కడ కథ పుడుతుంది. అమ్మ కానుక సంచిలో వెయ్యమని అయిదు రూపాయల బిళ్ళ ఇచ్చింది. బయట గంట మోగింది. ఏసుపాదం పీచుమిఠాయి కొన్నాడు. చెల్లెలికి సగం పెట్టాడు. చెల్లెలి పెదాలకు గులాబీ రంగు అంటుకుంది. ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, “కానుక వేశావా, నాయనా?”

ఇప్పుడు ఏసుపాదం ఏమంటాడు?

ఇక్కడ తల్లి నోరు మూసుకుని కూర్చోవాలి. ముగింపు తల్లి చెప్పకూడదు. పిల్లలు చెప్పాలి. ఒక పిల్ల “వేశానమ్మా అంటాడు” అంటుంది. ఇంకొకడు “చెల్లెలి పెదాలు తుడుస్తాడు” అంటాడు. ఇంకొకరు “రాత్రికి నిద్ర పట్టదు, లేచి చెప్పేస్తాడు” అంటారు. ఏది చెప్పినా ఒక్క ప్రశ్న అడగండి. “ఏసుపాదం అలాంటివాడేనా? వాడు అలా చేస్తాడా?” పిల్లలే తేలుస్తారు. చీకటికి భయపడేవాడు అర్ధరాత్రి లేచి దొడ్లోకి పోయి ఏడవడు. పక్కలోనే దుప్పటి కప్పుకుని ఏడుస్తాడు. ఇలా సరిచూసుకోవటమే నమ్మకంగా కథ అల్లటం.

పాము కరవనక్కర్లేదు. పిడుగు పడనక్కర్లేదు. పెదాల మీది గులాబీ రంగు చాలు.

చెప్పకండి, చూపించండి

పిల్లలు ఇలా రాస్తారు: “ఆమె పిసినారి.” వెంటనే అడగండి. “పిసినారి అని నీకెలా తెలిసింది? ఆమె ఏం చేస్తుంటే చూశావు?” అప్పుడు పిల్ల ఆలోచించి చెప్తుంది. “అప్పిచ్చిన గ్లాసుడు పంచదార తిరిగి వచ్చినప్పుడు, అంచు దాకా ఉందా లేదా అని వేలు పెట్టి చూసుకుంటుంది.” ఈ మాట విన్నాక పిసినారి అనే మాటే అక్కర్లేదు.

అక్కడితో ఆపొద్దు. “ఆమెలో మంచి ఏముంది?” అని కూడా అడగండి. “పక్కింటి పిల్లకు జ్వరం వస్తే రాత్రంతా కూర్చుని తడిగుడ్డ వేసింది” అంటుంది పిల్ల. చూశారా! వేలు పెట్టి పంచదార చూసుకున్న చెయ్యే తడిగుడ్డ వేసింది. ఇప్పుడు ఆమె నిజం మనిషి.

యేసు చెప్పిన ఇంకో కథలో ఒక ఆడమనిషి ఉంది. ఆమెకు పది వెండి నాణేలు. ఒకటి పోయింది. ఆమె బీదదా, జాగ్రత్త గలదా అని కథలో ఎక్కడా లేదు. ఆమె దీపం వెలిగించింది. ఇల్లంతా ఊడ్చింది. దొరికేదాకా వెతికింది. దొరికాక చుట్టుపక్కల వాళ్ళను పిలిచి సంతోషం చెప్పుకుంది. దీపం, చీపురు, ఇరుగుపొరుగు. ఈ మూడింటితో ఆమె ఎలాంటిదో తెలిసిపోయింది.

మాట మనిషిని పట్టిస్తుంది

పిల్లలు కథ రాసేటప్పుడు అందరి చేతా ఒక్కలాగే మాట్లాడిస్తారు. పదేళ్ళ పిల్లవాడు “ఓ తల్లీ, నా అపరాధమును మన్నింపుము” అంటాడు. ఏ పిల్లవాడు అలా అంటాడు? “అమ్మా, కొట్టనంటేనే చెప్తా” అంటాడు. అది నిజం మాట.

అమ్మమ్మ మాట వేరు. పంతులమ్మ మాట వేరు. బస్సు కండక్టరు మాట వేరు. పాస్టరుగారు గుళ్ళో మాట్లాడే తీరు వేరు, బజారులో వంకాయలు బేరమాడే తీరు వేరు. పిల్లల్ని చెవులు పెట్టి వినమనండి. విన్నది విన్నట్టు రాయమనండి.

పేతురు కథలోనూ ఈ సంగతి ఉంది. ఆ రాత్రి పేతురు తెలియదు, తెలియదు అంటూనే ఉన్నాడు. పక్కనున్నవాళ్ళు ఆయన యాస పట్టుకున్నారు. గలిలయ వాడివే అని తేల్చారు. నోరు అబద్ధం చెప్పింది. యాస నిజం చెప్పింది.

మూట దిగాలి

ఇంగ్లండులో జాన్ బన్యన్ అనే ఆయన ఉండేవాడు. పగిలిన గిన్నెలకు మాట్లు వేసి బతికేవాడు. పెద్ద చదువులు లేవు. అనుమతి లేకుండా వాక్యం చెప్తున్నాడని 1660లో జైల్లో పెట్టారు. పన్నెండేళ్ళు ఉంచారు. ఆయన రాసిన ‘యాత్రికుని ప్రయాణం’ 1678లో అచ్చయింది. అందులో యాత్రికుడి వీపు మీద ఒక మూట ఉంటుంది. ఆ మూట తన పాపం బరువు. ఆ బరువుతోనే నడుస్తాడు, బురదలో పడతాడు, లేస్తాడు. సిలువ దగ్గర ఆ మూట జారిపోతుంది. చదివినవాళ్ళు ఇంకేది మరిచినా ఆ మూటను మరవరు.

పిల్లల్ని అడగండి. “నీ కథలో మనిషి ఏ మూట మోస్తున్నాడు?” అప్పా? అబద్ధమా? చనిపోయిన అమ్మ మీద బెంగా? ఏసుపాదం మూట అయిదు రూపాయలు. చిన్నదే. అయినా పదేళ్ళవాడికి బరువే.

మూట ఎలా దిగుతుంది? ఊరికే దిగకూడదు. “ఏసుపాదం మారిపోయాడు, మంచివాడయ్యాడు” అని పిల్లలు ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నమ్మబుద్ధి కాదు. జక్కయ్య కథ గుర్తు చెయ్యండి. ఆయన సుంకాలు వసూలు చేసేవాడు. పొట్టివాడు. యేసును చూడటానికి చెట్టెక్కాడు. ఆయన మారాడని ఎలా తెలిసింది? ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నాడు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. మారిన మనసు చేతిలో కనపడాలి. ఏసుపాదం మారాడంటే, వచ్చే ఆదివారం గంట మోగినా లేవకూడదు. లేదా నాయనకు ఇటుకలు అందించి, వచ్చిన డబ్బులు కానుక సంచిలో వెయ్యాలి. ఏం చెయ్యాలో పిల్లలే ఆలోచిస్తారు.

తప్పు చేసినవాడి మనసు తెలుసుకోవటం అంటే తప్పును ఒప్పు అనటం కాదు. ఈ తేడా పిల్లలకు విడమరిచి చెప్పాలి. తండ్రి పరిగెత్తి వెళ్ళి కౌగిలించుకున్నాడు. అంతమాత్రాన ఆస్తి తగలెయ్యటం మంచిపని అనలేదు.

సత్రం యజమాని ఎవరు?

క్రిస్మస్ వస్తే పిల్లలు నాటిక వేస్తారు. అందులో సత్రం యజమాని వస్తాడు. యోసేపును, మరియమ్మను కసిరి పంపేస్తాడు. ఒక విషయం గమనించండి. బైబిల్లో ఆ యజమాని లేడు. సత్రంలో వాళ్ళకు చోటు లేదని మాత్రమే ఉంది. ఆ మనిషిని నాటికలు వేసేవాళ్ళు కల్పించుకున్నారు.

కల్పించుకోవటం తప్పు కాదు. అయితే ఏది వాక్యంలో ఉంది, ఏది కల్పన అని పిల్లలకు తెలియాలి. నాటిక మొదలయ్యే ముందు ఆ మాట చెప్పటం మంచిది. ఇక కల్పించుకునేటప్పుడు మంచి మనిషిని కల్పించమనండి. ఊరంతా జనాభా లెక్క కోసం వచ్చిన జనం. సత్రం నిండిపోయింది. యజమాని భార్య పొయ్యి దగ్గర ఉదయం నుంచి కూర్చోలేదు. అప్పటికే వరండాలో కూడా పడుకున్నారు. అప్పుడు తలుపు చప్పుడైంది. నిండు చూలాలు గుమ్మంలో ఉంది. ఆయన ఏమనుకున్నాడు? విసుక్కున్నాడా? సిగ్గుపడ్డాడా? తలుపు వేశాక మళ్ళీ తీసి చూశాడా? ఇలా ఆలోచించిన పిల్లవాడు తన ఇంటి తలుపు దగ్గర నిలబడ్డ మనిషిని కసిరేముందు ఒక్క క్షణం ఆగుతాడు.

పక్కవాడు ఎవరు?

అసలు సంగతి ఇదే. మంచి సమరయుడి కథ మీకు తెలుసు. దొంగలు కొట్టి పడేసిన మనిషి దారిలో ఉన్నాడు. యాజకుడు చూసి పక్కగా పోయాడు. లేవీయుడూ అంతే. ఆగినవాడు సమరయుడు. యూదులకు, సమరయులకు పొత్తు లేదు. మన ఊళ్ళల్లోనూ ఒకరి బావిలో ఒకరు నీళ్ళు తోడనివ్వని రోజులు ఉన్నాయి. అలాంటి ఎడమే అది. వినేవాళ్ళు సమరయుడు అనగానే చెడ్డవాడు అనుకునేవాళ్ళు. ఆ మనిషే గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు. తన పశువు మీద ఎక్కించుకున్నాడు. సత్రంవాడికి రెండు దేనారాలు ఇచ్చాడు. ఒక దేనారం అంటే ఆ రోజుల్లో ఒకరోజు కూలి. రెండు రోజుల కూలి ముక్కూమొహం తెలియనివాడి కోసం ఇచ్చాడన్నమాట.

ఊళ్ళో మనుషుల్ని ఒక్క మాటతో కొట్టిపారేయటం తేలిక. “వాడు తాగుబోతు.” “ఆమె గయ్యాళి.” “వాడు దొంగ కొడుకు.” పిల్లలు ఈ మాటలు పెద్దల దగ్గరే నేర్చుకుంటారు. బళ్ళో దొంగ కొడుకు పక్కన ఎవరూ కూర్చోరు. బలపం పోతే ముందు వాడి సంచే వెతుకుతారు. పదిసార్లు వెతికించుకున్నవాడు పదకొండోసారి ఏమవుతాడో మీరే ఆలోచించండి.

కథలో మనిషిని తయారు చేసిన పిల్లవాడు “వీడికి ఏం కావాలి? దేనికి భయం? వీడిలో మంచి ఏది?” అని అడగటం అలవాటు చేసుకుంటాడు. ఆ అలవాటు కథతో పోదు. బళ్ళో పక్కన కూర్చున్నవాణ్ణి చూసినప్పుడు కూడా అవే ప్రశ్నలు వస్తాయి. పొరుగువాణ్ణి ప్రేమించాలంటే ముందు పొరుగువాణ్ణి చూడాలి కదా!

సీతమ్మ కథ

కథలో మనిషికి అంత బలం ఉందా అని అడగవచ్చు. ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రిబళ్ళలో చదివే పాఠాల్లో సీతమ్మ కథ ఒకటి. భర్త తాగుడు వల్ల నలిగిపోయిన ఆడమనిషి కథ. సీతమ్మ కథలోని మనిషే. కానీ చదివినవాళ్ళు ఆమెను తమ వీధిలో చూశారు. కొందరు తమ ఇంట్లోనే చూశారు. మాట్లాడుకున్నారు. దూబగుంట ఆడవాళ్ళు తమ ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు. ఆ కదలిక ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారాను నిషేధించారు. సీతమ్మ ఉత్త మంచి భార్య బొమ్మ అయి ఉంటే ఎవరూ కదిలేవాళ్ళు కాదు.

శనివారం రాత్రి అరగంట

ఇక పని సంగతి. వారానికి ఒక అరగంట చాలు. శనివారం రాత్రి అన్నాలు అయ్యాక పిల్లల్ని కూర్చోబెట్టండి. అయిదు ప్రశ్నలు అడగండి. పిల్లలు చెప్తుంటే మీరు రాయండి. అవును, మీరే రాయాలి. ఒత్తులు తప్పు పోతే పోనివ్వండి. నిదానంగా రాస్తే పిల్లలు ఆగుతారు. ఆగినప్పుడు ఇంకా ఆలోచిస్తారు. పిల్లలకు కథ వస్తుంది. మీకు రాత కుదురుతుంది.

గుడికీ అక్షరానికీ పాత చుట్టరికమే ఉంది. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్ ఊళ్ళో రాబర్ట్ రైక్స్ అనే ఆయన ఆదివారపు బడి పెట్టించాడు. వారమంతా పనికి పోయే బీదపిల్లలకు ఆదివారం పూట చదవటం నేర్పారు. సండే స్కూలు పేరు అలా ఊరూరా పాకింది. అక్షరాలు నేర్చిన తల్లి ఇంట్లోనే సండే స్కూలు నడపగలదు.

కొన్ని జాగ్రత్తలు పాటించండి. ఊళ్ళో మనిషిని పేరుతో సహా కథలో పెట్టనివ్వకండి. ఒకరి నడక, ఇంకొకరి కోపం, మరొకరి నవ్వు తీసుకుని కొత్త మనిషిని చెయ్యమనండి. కుంటివాళ్ళను, గుడ్డివాళ్ళను, కులాన్ని, రంగును నవ్వులాటకు వాడనివ్వకండి. పిల్లవాడి కథలో మీ ఇంటి గుట్టు కనపడితే కొట్టకండి. బయట చెప్పుకోలేనిది వాడు కథలో చెప్పుకుంటున్నాడేమో చూడండి. కథ అయ్యాక “దీనిలో నీతి ఏమిటి?” అని వెంటనే అడగకండి. “ఏసుపాదం ఇప్పుడు ఎలా ఉన్నాడు?” అని అడగండి. మీ ఏసుపాదానికి ఏమైందో పిల్లలు చెప్పినప్పుడు, కొంగుముడిలోంచి తీసిన రెండు రూపాయల సంగతి కూడా ఒక రాత్రి బయటికి రావచ్చు. వస్తే, ఆ తండ్రి చేసినట్టు మీరు ముందు పరిగెత్తి దగ్గరికి తీసుకోండి. బుద్ధులు తర్వాత చెప్పవచ్చు.

ఆలోచించండి – మాట్లాడుకోండి

1. పెద్దకొడుకు విందుకు వెళ్ళి ఉంటాడా? మీరైతే వెళ్తారా?

2. మీ వీధిలో ఒక్క మాటతో కొట్టిపారేసే మనిషి ఎవరైనా ఉన్నారా? పేరు చెప్పకుండా ఆ మనిషిలోని ఒక మంచి చెప్పండి.

3. ఏసుపాదం అమ్మకు ఏం జవాబు చెప్పాడు? మీ పిల్లల్ని అడిగి, వాళ్ళు చెప్పింది నాలుగు వాక్యాల్లో రాయండి.